నిమ్మకాయ పోయిన తొవ్వ

దేవరకొండల ముసలోళ్లందరికీ
తలా ఒక సొరంగం ఉంటది.

మంగలి సైదులు తాత సొరంగంల
రెండు గుర్రాలు పక్కపక్కన పోతయి.
మహమూదా బీది మరీ ఇరుకు,
రాణి ఒక్కతే, అదీ నగలిప్పేసి, పాక్కుంట పోవాలె.
ధర్మ్యా నాయక్ సొరంగం ఎటు పోతదో
ఆయనకే తెల్వదు,
కానీ లోపల దీపం ఇంకా వెలుగుతున్నదంటడు.
ఎవరూ దిగలే.
దిగినోడు ఎప్పుడూ వాళ్ల ముత్తాతే.

ఒకసారి సెల్ టవర్ కోసం తవ్వితే గుంత పడ్డది.
ఊరంత ఉరికింది.
జొన్నల పాతర.
అడుగున పిడికెడు బూజు, ఒక పగిలిన చిప్ప.
సైదులు తాత ఒప్పుకోలే,
"ఇది తలుపు మాత్రమే" అన్నడు.

అందరూ ఒప్పుకునేది ఒక్కటే మాట:
కోట మీది బావిల నిమ్మకాయ ఏస్తే
మూడొద్దులకు కృష్ణల తేల్తది.

మాది నిమ్మతోట. నలభై చెట్లు.
తొమ్మిదేండ్లప్పుడు
కుప్పల నుంచి ఒక కాయ దొంగిలించి
తుమ్మముల్లుతోని పేరు చెక్కిన.
పోశమ్మ అని మొత్తం పట్టలే.
"పో" కాడికే రసం కారి వేళ్లు మండినయి.
కోటెక్కి, జారే మెట్ల మీద కూసోని
బావిల ఇడిచిన.
నాయినమ్మకు చెప్తే తిట్టింది:
"ఉత్త పో అంటరానే ఎవరన్న?
పోయి రా అనాలె."

మూడొద్దులు లెక్కపెట్టిన.
కృష్ణ ఎటు దిక్కున్నదో మాత్రం
అప్పటికి నాకు తెల్వదు.

తర్వాత బోర్ల కాలం.
మొదటిది నూటెనభై ఫీట్లు.
రెండోది నాలుగొందలు.
తిరుచెంగోడు బండి రాత్రంత గుర్రుమన్నది.
తెల్ల దుమ్ము ఆకుల మీద, అన్నం మీద,
నాయిన మీసాల మీద.
కొబ్బరికాయ అరచేతిల లేచి నిలబడ్డ చోటల్ల
పొడిచిండ్రు.

ఐదోది ఎండినంక నాయిన
నా నోటుబుక్కుల అంటించిన జిల్లా పటం చింపి
కోట నుంచి కృష్ణ దాక
స్కేలు పెట్టి గీత గీసిండు.
గీత మా చెలక మీదికెల్లి పోయింది.
పోయేదాక స్కేలు జరిపిండు, నేను చూసిన.

"సొరంగం కిందనే ఉన్నది బిడ్డా,
ఒక్కపారి బిట్టు దాంట్ల పడితె చాలు,
నది మొత్తం మనదే."

ఆరోది.
ఏడోది. ఎనిమిదొందల యాభై.
డ్రైవర్ పళనిచామి ఇంజన్ ఆపి
అరవంల ఏదో అన్నడు.
నాయినకు అరవం రాదు, అర్థమైంది.
"ఇంకో యాభై" అన్నడు.
ఆ యాభైకి మా రెండు బర్లు పోయినయి.

చెట్లు బొగ్గుబట్టీకి పోయినయి.
పిల్లలు పడకుండ
బోర్ల మీద బండలు పెట్టినం.
ఇప్పుడు నాకు గూడ సొరంగాలున్నయి,
ఏడు, నిట్టనిలువున.
నమ్మనోళ్లకు బండ జరిపి చూపిస్త.

మొన్న నాయిన కుండ పట్టుకొని కృష్ణకు పోయిన.
కొడుకుల్లేని ఇల్లు గదా,
నా చేతికే ఇచ్చిండ్రు.
ఘాటు కాడ నీళ్ల మీద నిమ్మకాయలు.
లారీలోళ్లు ఏసినవి, దిష్టి తీసినవి,
కుంకుమంటినవి, కుళ్లినవి.
మోకాళ్ల లోతుల నిలబడి
ఒక్కొక్కటే తిప్పి చూసిన.
"పొద్దెక్కుతున్నదమ్మా" అన్నడు పంతులు.
"ఏం పోయింది?" అన్నడు పడవాయన.

ఒకదాని మీద గీతలున్నయి.
ముల్లు గీతలే కావచ్చు, చేప కొరికిందే కావచ్చు.
ముప్పై నాలుగేండ్లు ఏ నిమ్మకాయా ఉండదని
నాకు తెల్వక కాదు.

కుండ వంచిన.
నాయిన తెల్లగ, బోరు దుమ్ము లెక్కనే,
ఎటు పోవాల్నో తెల్వనట్టు
కాళ్ల చుట్టే కొంచెంసేపు తిరిగిండు.
"పో" దాక వచ్చి
నాలిక ఆగింది.
నాయినమ్మ యాదికొచ్చి
మిగిలింది గూడ కలిపి అన్న.