కుర్చీ ఎక్కడ వెయ్యాలి

సోంగ్‌ఖ్లా రేవులో ఐసు ఫ్యాక్టరీ పైన మూడో అంతస్తు.
మూడు రోజుల శిక్షణ. పదకొండుమందిమి లాయర్లం.
కింద ఐసు దిమ్మ పగిలిన ప్రతిసారీ
బల్లమీద గ్లాసుల్లో నీళ్లు వణికేవి.

మొదటిరోజు పొద్దుటంతా
పిమోన్‌రాట్ గారు చట్టం ఊసే ఎత్తలేదు.
కుర్చీ గురించి చెప్పింది.
తలుపుకి అడ్డంగా మీరు కూర్చోకండి, అంది.
తలుపు అతనికి కనబడుతుండాలి,
లేచి వెళ్లిపోవచ్చని వొంటికి తెలియాలి.
వొంటికి తెలిశాకే నోటికి తెలుస్తుంది.
పన్నెండేళ్ల ప్రాక్టీసు నాది. నవ్వొచ్చింది.
అయినా రాసుకున్నాను: కుర్చీ.

రెండోరోజు ఒక బ్రోకరు చిట్టాపుస్తకం నకలు పంచారు.
బియ్యం, రబ్బరు బూట్లు, సరిహద్దు దాటించినందుకు లారీవాడికి,
జ్వరం వచ్చి పనికి రాని రోజులకి జరిమానా.
నెల నెలా జీతం కోసుకుంటూనే ఉన్నారు,
నెల నెలా అప్పు పెరుగుతూనే ఉంది.
మాలో పన్ను కేసులు చూసే తనావుత్
మూడుసార్లు కూడి, పెన్ను మూత పెట్టేశాడు.

మాకిచ్చిన ఫైలు ఇటుకంత మందం.
దరఖాస్తు నమూనాలు, నష్టపరిహారం కట్టే పట్టికలు,
అర్ధరాత్రయినా ఫోనెత్తే డాక్టర్ల నంబర్లు,
మోన్, ఖ్మేర్, బర్మీస్ దుబాసీల పేర్లు,
వాళ్లలో బ్రోకర్లకి చుట్టాలెవరో
పక్కనే పెన్సిలుతో, చెరపడానికి వీలుగా.

నలభయ్యో పేజీలో మాత్రం ఒకటే వాక్యం:
ఎందుకు పారిపోలేదు అని అడగవద్దు.
కిందంతా తెల్లకాగితం.
అచ్చువాడి పొరపాటనుకున్నాను.

నెల తిరిగాక, అదే గదికి, నాయ్ బలాయ్ వచ్చాడు.
నాలుగేళ్లు సముద్రం మీదే.
కాళ్లకింకా నేలమీద నమ్మకం కుదరలేదు,
మెట్లెక్కుతూ గోడ పట్టుకున్నాడు.
కుర్చీ సరిగ్గానే వేశాను.
మంచినీళ్లు పెట్టాను. ఫ్యాను తగ్గించాను.
దుబాసీ మి కొన్‌చాన్‌ని పక్కగా, కాస్త వెనక్కి కూర్చోబెట్టాను.

తేదీలు లేవతని దగ్గర.
స్క్విడ్లు ఎగబడే చీకటి రాత్రులున్నాయి.
వలలో తాబేలు పడితే కెప్టెన్ దణ్ణం పెట్టి వదిలిన రోజుంది.
వంటవాడు పోతే ఐసుగదిలో
చేపల పక్కన పడుకోబెట్టిన వారం ఉంది.
నేను రాసుకుపోతున్నాను,
మార్జిన్‌లో అమావాస్యలు లెక్కబెట్టి నెలలు కట్టుకుంటూ.
బాగానే నడుస్తోంది.
బాగా నడుస్తోందన్న ధీమాలోనే నోరు జారింది.
ఓడ రెండుసార్లు రేవుకొచ్చిందిగా,
అప్పుడెందుకు దిగిపోలేదు?

మి కొన్‌చాన్ తర్జుమా చెయ్యలేదు.
అవసరమూ లేకపోయింది.
థాయ్‌లో ఆ ఒక్క ప్రశ్నా అతనికి కంఠతా వచ్చు.
పోలీసులు అడిగారు, ఇమిగ్రేషన్ వాళ్లు అడిగారు,
ఓడ యజమాని లాయరు చిరునవ్వుతో అడిగాడు.

నాయ్ బలాయ్ లేచాడు.
తలుపు కనబడుతూనే ఉంది.
వెళ్లిపోయాడు.
కింద దిమ్మ పగిలింది,
అతను ముట్టని నీళ్లు వణికాయి.

పిమోన్‌రాట్ గారికి ఫోన్ చేశాను.
పదకొండుమందిలో నువ్వు ఏడోవాడివి, అంది.
క్షమాపణ ఏ పేజీలో ఉందండీ?
పేజీ లేదు. మంగళవారం అదే వేళకి కుర్చీ వేసి కూర్చో.

కూర్చున్నాను. రాలేదు.
ఆపై మంగళవారం వాన, కరెంటు లేదు, అతనూ లేడు.
ఆ వారమే కోర్టులో గడువు అడుక్కున్నాను,
కారణం: క్లయింటు తప్పు కాదు, అని రాసి కొట్టేసి
మళ్లీ అదే రాశాను.

నాలుగో మంగళవారం గుమ్మంలో ఇద్దరు.
వెనకున్న కుర్రాడికి పద్దెనిమిది దాటవు,
కుడిచేతికి రెండు వేళ్లు లేవు.
నాయ్ బలాయ్ నాకేసి చూడలేదు.
కుర్చీని తలుపు వైపు ఇంకో జానెడు జరిపి
కుర్రాణ్ణి అందులో కూర్చోబెట్టి
వంగి, చెవిలో ఏదో చెప్పాడు.

ఏమంటున్నాడు?

మి కొన్‌చాన్ కాసేపు ఆగింది.
"ఇతను అడిగేవాటన్నిటికీ
జవాబు చెప్పక్కర్లేదంటున్నాడు."

నిజమే, అన్నాను.
ఆ మాటకీ తర్జుమా చెప్పమన్నాను.