రబ్బరు పొట్టు

కట్టమంచిలో మా డ్రాయింగు సారు
మామిడి పల్పు డబ్బాల లేబుళ్ళ వెనకవైపు
పదేళ్ళుగా ఒక ఊరు గీస్తున్నాడు.

ఆ ఊళ్ళో నీవా నది పన్నెండు నెలలూ పారుతుంది.
జైలుండాల్సిన చోట నేరేడు తోపు.
తలుపులున్నాయి, గొళ్ళేలు లేవు.
వీధులకు కులాల పేర్లు తీసేసి మామిళ్ళ పేర్లు పెట్టాడు:
బేనీషా వీధి, ఖాదరు వీధి, తోతాపురి సందు.
తిరపతి బస్సులో అందరికీ కిటికీ సీటే.
అదెట్లా కుదురుతుంది సార్ అంటే
"గీస్తే కుదురుతుందప్పా" అన్నాడు.

మొన్న చెత్తబండి ధనకోటమ్మ
బుట్ట గడప దగ్గర దించి
ఆ కాగితాల మీదికి వంగింది.
చానాసేపు వెతికింది.

"ఊరు బాగుండాది సార్.
చెత్త యాడా లేదే,
మరి నేను యాడుండా?"

సారు పెన్సిలు గాల్లోనే ఉండిపోయింది.
బడి పక్కన చూపెట్టబోయాడు,
నేరేడు తోపులో నీడ వెతికాడు.
తోతాపురి సందు చెరిపాడు. మళ్ళీ అదే సందు గీశాడు.
మళ్ళీ చెరిపాడు, కాగితం చిరిగేదాకా.

బల్లమీద రబ్బరు పొట్టు.
ఆ ఊరి మొదటి చెత్త.

ధనకోటమ్మ అలవాటుగా
అరచేత్తో అంచుకు తోసి
కొంగులో పట్టుకుంది.
"రేపు మళ్ళా వస్తా" అంది.