రెండు పాయింట్ ఏడు పాయింట్ రెండు

కొర్లగుంటలో పిండిమిల్లు మీద మిద్దె నాది.
పొద్దున ఆరుకు కింద బెల్టు తిరిగితే
బల్ల, బల్ల మీద మానిటరు, మానిటర్లో నా కోడు
అన్నీ సన్నగా వణుకుతాయి.
అందుకే పగలంతా బొమ్మ పని.
రాత్రి తొమ్మిదికి వెంకటముని షట్టరు దించినాక
శబ్దం పని.

జీరంగి అని పేరు పెట్టినా.
చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి సాకినాం గదా,
చెవి కాడ పెట్టుకుంటే గరగరమనేది,
అదే.
పాటలకొకటి, వీడియోలకొకటి, రెండు జీరంగులు.
ఎంత పాత కంప్యూటర్లోనైనా ఎగురుతాయి.
ధర లేదు.
ఇష్టముంటే టీ డబ్బులు వేయండని మూలన ఒక బొత్తాముంది.
మార్చి నెలలో మూడు టీలొచ్చినాయి.

ప్రతి అప్‌డేటు కిందా ఒక చీటీ రాస్తాను:
తెలుగు పేర్లు డబ్బాలుగా కనపడేవి, సరిచేశాం.
సబ్‌టైటిలు మాటకన్నా ముందు పరిగెత్తేది, పట్టుకున్నాం.
వత్తులు ఊడిపోయేవి, తిరిగి అతికించాం.
శాం, న్నాం, చాం.
ఉండేది నేనొక్కణ్ణే.
ఒక్కడే చేసినాడంటే జనం నమ్మరని.

మొన్న రెండు పాయింట్ ఏడులో
ఒక తెలివి పెట్టినా.
పాట నడుమ శబ్దం లేని చోటొస్తే
జీరంగి దాన్ని తినేసి ముందుకు దూకుతుంది.
నూట ఎనభై వరసల కోడు, వారం రోజుల నిద్ర.
ఉత్త నిశ్శబ్దం ఎవరికి కావాలిలే అనుకున్నా.

నాలుగో రోజు పాకాల నుంచి ఉత్తరం.
రైల్వేలో గేటు కాసి రిటైరైన ఏకాంబరం.
మనవరాలి చేత టైపు చేయించినట్టున్నాడు,
మొత్తం మీద ఒక్క చుక్క లేదు.

"అబ్బోడా నీ కొత్త జీరంగి మా తమ్ముణ్ణి మింగేసింది
తొంభై ఒకటిలో మా వసారాలో హరికథ సాధకం క్యాసెట్టు అది
నడుమ కరెంటు పోయింది
పుస్తకం కనపడక భాగవతారు ఆగినాడు
నా టేపు బ్యాటరీల మీద తిరగతా ఉండాది
మా మునస్వామి శృతిపెట్టె ఒత్తేవాడు
పాడేవాడు కాదు మాట్లాడేది కూడా తక్కువే
ఏ క్యాసెట్టులోనూ వాడి గొంతు లేదు
మా అమ్మ లాంతరు వెలిగించేదాకా
ఒక నిమిషం నాలుగు సెకన్లు
స్వరం మూసేసి ఊరికే తిత్తి ఆడించినాడు
అది వినేదానికే ఆ కథ పెట్టుకుంటాం మేము"

కింద ఫైలు.

మిల్లు మూసినాక హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా.
పచ్చ గీతలు పడుకునే ఉన్నాయి.
నా హద్దు మైనస్ నలభై ఎనిమిది,
అతను మైనస్ యాభై రెండు.
నాలుగు డెసిబెల్లు కింద కూర్చోనున్నాడు మునస్వామి.
వాల్యూం చివరిదాకా తిప్పినా.
ముందు టేపు బుసే.
ఆ బుస వెనకాల ఇంకొకటి,
నిదానంగా,
నిద్రపోయే బిడ్డ పక్కన కూర్చున్నోళ్ళు
తమ ఊపిరిని తామే పట్టిపట్టి వదిలినట్టు.
అగ్గిపుల్ల గీసిన చప్పుడు.
లాంతరు గాజు టింగుమంది.
భాగవతారు గొంతు సవరించుకోని
"యాడుంటిమి?" అన్నాడు.

మళ్ళీ వెనక్కి జరిపి విన్నా.
ఎన్నిసార్లో చెప్పను.

నూట ఎనభై వరసలు చెరిపేయడానికి చెయ్యి రాలేదు,
కష్టపడి రాసినవి కదా.
సెట్టింగుల్లో అడుగున ఒక గడి కింద దాచిపెట్టినా.
తెల్లవారుజామున చీటీ రాసినా:
రెండు పాయింట్ ఏడు పాయింట్ రెండు.
నిశ్శబ్దాన్ని తినడం మానేశాం.
కావాలన్నవాళ్ళు అడుగు గడిలో టిక్కు పెట్టుకోండి.
పొరపాటు మాది.

'మాది' కొట్టేసి
'నాది' అని పెట్టినా.

కాఫీ తాగి వచ్చేసరికి పాకాల జవాబు:
"వచ్చినాడబ్బా
అయితే మా చిన్నకోడలి సీమంతం వీడియోలో
నోరు ముందర మాట వెనక
అది గూడా చూడు"

కింద బెల్టు తిరిగింది.
బల్ల వణుకుతోంది.
పగలు గదా,
బొమ్మ పనే.