తేదీ ముద్ర

గ్రిమ్స్‌బీలో వాన పక్కనుంచి కొడుతుంది.
చేపల రేవు వాసన కోట్లను పట్టుకుని
మా లైబ్రరీ లోపలిదాకా వస్తుంది.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ బల్ల వెనకే ఉన్నాను.
ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళారో
నా చేతికి తెలుసు.
నోటికి తెలియదు.

మంగళవారం సాయంత్రం హెస్టర్ వచ్చింది.
నలభై ఏళ్ళు కాడ్ చేపల్ని చీల్చిన వేళ్ళు,
అరవై నాలుగు దాటిన మనిషి.
మూడో నంబరు కంప్యూటర్ ముందు కూచుని
గొంతు తగ్గించి అంది:
"తాగుడు మానేసినవాళ్ళు మాట్లాడుకునే చోటొకటుంది,
పేరు చెప్పక్కర్లేదక్కడ.
ఇప్పుడేమో మొహం చూపించమంటోంది."

ఆమెకు కారు లేదు, లైసెన్సు లేదు.
పాస్‌పోర్టు ఎందుకు, సముద్రమే ఇంటి ముందుంటే?
తల కుడికి తిప్పమంది, తిప్పింది.
ఎడమకి తిప్పమంది, తిప్పింది.
కళ్ళార్పమంది.
మా ట్యూబ్‌లైటు తెలుపులో గీతలన్నీ కలిసిపోయాయేమో,
'మీ వయసు తేలలేదు, మళ్ళీ ప్రయత్నించండి.'
హెస్టర్ నవ్వింది,
"మా ఆయన కూడా నన్నింత పొగడలేదు."
నవ్వడం అయ్యాక లేచి వెళ్ళిపోయింది.
ఆ రాత్రి ఎక్కడికి వెళ్ళిందో
నేను అడగలేదు.

అంతకు వారం ముందు అదే కుర్చీలో
పద్నాలుగేళ్ళ కోర్మాక్
అక్క కాటుక పెన్సిలుతో మీసం గీసుకొచ్చాడు.
యంత్రం వాణ్ణి ఇరవై రెండేళ్ళవాడివంటూ లోపలికి పంపింది.
నేను చూశాను. చూడనట్టున్నాను.
వాడు టైపు చేస్తున్నదీ కనపడింది, చెప్పను.
నాన్నతో అనలేని ఒక్క మాటను
ముక్కూ మొహం తెలియనివాళ్ళతో అంటున్నాడు.

ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గరే కదా
మనిషి నోరు విప్పేది.

పిల్లల కోసమే అంటారు. కావచ్చు.
నా మనవరాలికి పదేళ్ళు,
దాని ఫోన్లో ఏముందో అని నాకూ భయమే.
ఎలుకలున్న మాట నిజం.
ఇంటికి నిప్పు పెట్టమన్నది ఎవరు?

ఆ మొహాలన్నీ ఎక్కడ దాస్తారని ఫోన్ చేసి అడిగాను.
కౌన్సిల్ వాళ్ళు కంపెనీ అన్నారు.
కంపెనీ ఇంకో కంపెనీ అంది.
ఆ ఇంకో కంపెనీలో ఇరవై నిమిషాలు
పియానో వాయించారు.

నిన్న, పారేయాల్సిన పుస్తకాల్లో ఒకటి తెరిచాను.
వెనక అట్ట లోపల పచ్చబడ్డ చీటీ,
తిరిగి ఇవ్వాల్సిన తేదీలు ఊదారంగు సిరాలో,
నేను చేరకముందువి.
మూడు మార్చి, డెబ్బై నాలుగు.
పంతొమ్మిది మే.
తర్వాత తొమ్మిదేళ్ళు ఎవరికీ అవసరం పడలేదు.
పదకొండు నవంబరు, ఎనభై మూడు. కొంచెం వంకరగా.
ఎవరో చదివారు.
ఏడ్చారో, మానుకున్నారో, మొగుణ్ణి వదిలేశారో,
సగంలో మూసేశారో.
చీటీకి తెలిసింది తేదీ ఒక్కటే.
ఏ పుస్తకమో చెప్పను.

ఆ ముద్ర ఇంకా నా సొరుగులోనే ఉంది.
సిరా ఎండింది. ఉమ్మితో తడిపి
ఖాళీ కాగితం మీద ఒకసారి కొట్టి చూశాను.
రెండువేల తొమ్మిది దగ్గర ఆగిపోయింది చక్రం,
ఎంత తిప్పినా కదల్లేదు.

ఇవాళ మళ్ళీ మంగళవారం.
అయిదింటినుంచి మూడో నంబరు
ఎవరికీ ఇవ్వలేదు.