ఇస్త్రీ గది

ఫర్వానియాలో ఆ భవనానికి బోర్డు లేదు.
కింద టైర్ల కొట్టు, పైన పళ్ళ డాక్టరు,
ఆ పైన మేము.
లిఫ్టు రెండో అంతస్తు దాకే వస్తుంది,
మిగతాది ఎవరి మోకాళ్ళతో వాళ్ళు ఎక్కాలి.

సువార్త ఎక్కింది, ఆగస్టు ఎండలో,
చంకలో మూడు ఫైళ్ళు.
ఆకుపచ్చది నిద్ర డాక్టరుది.
ముందు ఆ మత్తు మానుకుని రా, తర్వాత చూద్దాం అన్నాడట.
నీలం రంగుది మత్తు మానిపించేవాళ్ళది.
రాత్రిళ్ళు అలా అరిస్తే మా వార్డులో కుదరదు,
ముందు ఆ భయం సంగతి చూపించుకో అన్నారట.
మూడోది పసుపు, కంప్లైంటుది.
మత్తులో ఉన్న మనిషి మాట చెల్లదని
దాని అట్ట మీద ఎవరో పెన్సిలుతో రాశారు.
పెన్సిలే ఎందుకో.
తర్వాత చెరిపేసుకోడానికి కాబోలు.

నా పని మాట మార్చడం.
సువార్త తెలుగుని డాక్టర్ హనాన్ అరబీలోకి వంచడం,
తొణక్కుండా మళ్ళీ ఇటు వంచడం.
ఇరవై రెండేళ్ళ కింద నేనూ ఖద్దామాగానే దిగానిక్కడ.
ఆ సంగతి ఈ గదిలో ఎవరూ అడగరు,
నా కుర్చీ అటువైపు లేదు కదా.

హనాన్ ఒక మాట అంది.
దానికి తెలుగు వెతుక్కున్నాను.
గాయం అంటే కట్టు ఏదంటారు,
దిగులంటే దిష్టి తీయమంటారు.
"లోపల ఏమవుతోందని అడుగుతున్నారమ్మా" అన్నాను.

సువార్త అరచేయి తిప్పి చూసుకుంది.
"ఇస్త్రీ పెట్టండి.
ఎవరో ఆన్ చేసి ఎల్లిపోయారండి, లోపల.
బాబా దిష్‌దాషాలు రోజుకి నాలుగండి,
ఆ గదికి గడియ బయటుండేదండి.
ఇప్పుడా ఇల్లూ లేదు, గదీ లేదు,
పెట్టి మాత్రం నా కూడా వచ్చేసిందండి.
చల్లార్తదని దగ్గు మందు పోత్తానండి, సీసా, రెండు సీసాలు.
బిళ్ళలంటారా, నడుం నొప్పికని మొదలెట్టినయ్యండి.
పడుకుంటే ఎక్కడ అంటుకుంటదోనని
తెల్లార్లూ కాపలా కూకుంటానండి.
మూడు జబ్బులంటారేంటండీ?
ఒకటే కదండీ."

ఆ "అండీ"ని అరబీలోకి ఎలా తేవాలో
నాకిప్పటికీ తెలీదు.
మిగతాదంతా చెప్పాను.
చెబుతూ చెబుతూ, గడియ దగ్గర,
ఆమె గది అనాల్సిన చోట
నా గది అన్నాను.

హనాన్ కలం ఆగింది.
ఒక గ్లాసు నీళ్ళకని వెళ్ళిన లిస్సీ సిస్టర్
రెండు తెచ్చింది.

ఆ సాయంత్రమే మూడు ఫైళ్ళూ విప్పి ఒకటిగా కుట్టారు.
రంగులు కలవలేదు, అంచులు సమంగా రాలేదు,
సూది ఒకసారి విరిగింది కూడా.
బిళ్ళ తగ్గించిన రాత్రి భయం పెరుగుతుందని
ముందే చెప్పారు,
పెరిగితే పక్కన కూర్చునే మనిషి పేరు
గోడ మీద రాసిపెట్టారు.
శుక్రవారం కుర్చీలు గుండ్రంగా వేస్తారు.
రాయచోటి ఖైరూన్ నవ్వుతూ ఏడుస్తుంది,
నిల్మిణి సింహళంలో తిడుతుంది,
ఇథియోపియా పిల్ల ఆస్తెర్ ఇంకా నోరు విప్పలేదు,
టీ మాత్రం అందరికీ తనే పోస్తుంది.

గెలిచిన కథేం కాదిది.
అక్టోబరులో సువార్త రెండ్రోజులు కనబడలేదు.
మూడోనాడు మా మెట్ల మీదే దొరికింది,
సీసా సగం తాగి, సగం కొంగులో చుట్టుకుని.
ఫైలు ఎవరూ మూయలేదు.
"సగం ఉంచావే" అంది హనాన్,
నన్ను అడక్కుండా,
తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లోంచి తీసి.

పోయిన వారం సువార్త నా చీర కుచ్చిళ్ళకేసి
చాలాసేపు చూసింది.
"ఎప్పుడూ నలిగే ఉంటదేంటండీ?
మీ ఇంట్లో ఇస్త్రీ పెట్టి లేదాండీ?"

దీన్ని ఎవరికీ అరబీలో చెప్పక్కర్లేదు.

కుర్చీ ముందుకి లాక్కున్నాను.
గచ్చు మీద దాని కాళ్ళు
గట్టిగానే కీచుమన్నాయి.