బొటనవేలి లెక్క

వెరోనా ఆస్పత్రిలో, మెట్ల కింద, నా గది.
కిటికీ తెరవం. ట్రక్కు పోయినా సూది వణుకుతుంది.
వెంట్రుక ముందు దూలంలా కనిపించేంత
సన్నటి మొనని
కోసిన కండ మీద ఆనించి
అది ఎంత ఎదురు తోస్తుందో రాసుకోవడం నా ఉద్యోగం.

మంచి క్లోమం లొంగుతుంది,
ఎండకి పెట్టిన వెన్నలా.
జబ్బుపడ్డది మాత్రం
సూదినే నిలదీస్తుంది.

ఒత్తొరీనో దాల్ మాసో
సంతకం పెట్టడానికి వచ్చి, పెట్టకుండా కూర్చున్నాడు.
అర్జిన్యానోలో నలభై ఒక్కేళ్ళు తోళ్ళు పదును చేసిన మనిషి.
గోళ్ళ మొదట్లో ఇంకా నీలం.
"నాలోంచి తీసిన ముక్కని ఏం చేస్తారో చూపించు" అన్నాడు.

తెర మీద ఆయన కడుపు చూపించాను.
మెత్తనిది ఎరుపు. గట్టిది నీలం.
"క్రోమ్ పట్టిన తోలూ ఈ రంగే" అని
తెర మీద వేలుతో తట్టి,
"ఎన్నాళ్ళు నానింది?"

పదేళ్ళేమో, అన్నాను. ఇంకా ఎక్కువేమో.

గడ్డలో దొంగలు కొద్దిమందే.
మిగతాదంతా గాయానికి కట్టు కట్టడానికొచ్చిన
సొంత పనివాళ్ళు అల్లింది.
చాలు అనేవాడు లేక
పోగు మీద పోగు, పోగుకీ పోగుకీ ముడి,
నెత్తురు పారే సన్నదారులు నలిగిపోయేదాకా.
సెలైన్‌లో ఎక్కించిన మందు
గుమ్మం దాకా వచ్చి నిలబడిపోతుంది.

"ముడి పడకపోతే తోలు కుళ్ళిపోతుంది తల్లీ.
నేను జీతం తీసుకున్నదే దానికి."

రెండు గిన్నెలు చూపించాను. కణాలు అవే. కింద జెల్లీ వేరు.
మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గానీ
వీటిది తలకిందుల వ్యవహారం:
మెత్తటి పక్క మీద గుండ్రంగా ముడుచుకుంటాయి.
గట్టి నేల తగిలితే చాలు
కాళ్ళు మొలుస్తాయి, ప్రయాణం కడతాయి,
మందు పోసినా మొండికేస్తాయి.

"అయితే ఆ గట్టిదాన్ని కరిగించి పారెయ్యండి!"
వెనక నించున్న కూతురు నివేస్.
హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

అదీ అయింది.
కంచే చేను మేస్తోందని కంచె పీకేస్తే
మంద ఊరి మీద పడింది.
ఎలుకలు ఇంకా ముందే పోయాయి.
ఆ మాట చెప్పేటప్పుడు
నేను ఆమె హెల్మెట్‌నే చూస్తున్నాను.

ఒత్తొరీనో నవ్వాడు, పక్కటెముకలు పట్టుకుని.
"సున్నం ఎక్కువైతే తోలు చేతుల్లోనే జారిపోతుంది.
నా మొదటి ఏడాది పన్నెండు తోళ్ళు పాడుచేశాను,
మేస్త్రీ చెప్పు విసిరాడు.
మెత్తన చెయ్యడమంటే కరిగించడం కాదు.
డ్రమ్ములో నూనె పోసి రాత్రంతా తిప్పుతాం.
ముడులు ముడుల్లాగే ఉంటాయి.
వాటి మధ్య కాస్త జారుడు వస్తుంది, అంతే."

ఆ నూనె ఏదో మాకింకా తెలీదు.
నాలుగైదు పేర్లున్నాయి, ఒక్కదాని మీదా నమ్మకం కుదరలేదు.
కాయితం వెనక రాసుకున్నాను, జారుడు అని.
ముందువైపు ఆయన సంతకం పెట్టాడు,
పేరులో ఒక 't' ఎగిరిపోయింది.

గురువారం వచ్చింది ముక్క. బియ్యపు గింజంత.
ఆ రాత్రి సూదిని నాలుగువందల చోట్ల దించాను.
రాయి. రాయి. రాయి.
ఒక అంచున మాత్రం మూడు చుక్కల చోట
సూది లోపలికి దిగింది.
యంత్రం తప్పేమోనని మళ్ళీ దించాను.
దిగింది.
దానికి అర్థమేమిటో నన్నడక్కండి.

మే నెలలో నివేస్ ఒక కవరు తెచ్చింది.
అరచేతంత దూడతోలు, మీద పెన్సిల్‌తో
*నీ సూదికి పరీక్ష.*
ఆయనెలా ఉన్నాడంటే
వాన గురించి మాట్లాడింది, చాలాసేపు.

పొద్దున్నే కోటు తొడుక్కునే ముందు
దాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కుతాను.
పల్లం పడుతుంది.
మెల్లగా, ఎవరూ తరమనట్టు,
పైకొస్తుంది.
రిజిస్టర్‌లో ఆ రోజుకి
మొదటి గడి ఖాళీగా వదిలి
రెండోదాంట్లోంచి మొదలుపెడతాను.