మోకాలి బరువు

డులూత్‌లో ఫిబ్రవరి. గడ్డకట్టిన సరస్సు మీంచి గాలి
నేరుగా ఫైర్ స్టేషన్ షెడ్డులోకే వస్తోంది.
పాత కరోలా వెనక తలుపు తీసి
తల లోపల, నడుం బయట,
అరగంటగా ఓ ఖాళీ కుర్చీతో కుస్తీ పడుతున్నాను.

"ఈ కారుకి కొక్కేలు లేవు, బెల్టే గతి" అన్నాను
ఏదో తప్పు చేసినవాడిలా.
"బెల్టు చాలు" అంది మార్లిస్. అరవై దాటి ఉంటుంది,
గోళ్లలో గ్రీజు.
"చాలనిది ఎప్పుడూ మనమే."

వెనక్కి చూసే సీటుకి దారి వేరట.
నీలం గీత ఉన్న చోట దూర్చాను. మెలిక పడింది.
తీసి మళ్లీ దూర్చాను.
నవారు మంచం బిగించేటప్పుడు మెలిక పడితే
మా మేనత్త చేతి మీద ఒక్కటిచ్చేది:
"రాత్రికి పడుకునేవాడి వీపునడుగు!"

క్లిక్.
అయిపోయిందనుకున్నాను.
"ఇప్పుడు బెల్టంతా బయటికి లాగు. లోపల జానెడు కూడా మిగల్చకు."
లాగి వదిలాను. టిక టిక టిక
వెనక్కి వెళ్తూ పళ్లు బిగించింది,
ఇక ముందుకి రానంటే రానంది.
"మోకాలు పెట్టు."
పెట్టాను.
"ఊహూఁ. సగం నువ్వు బయటే ఉన్నావు."

నిజమే. ఏడు వారాలుగా సగం బయటే ఉన్నాను.
గాజుపెట్టెకి ఇవతల, సన్నని గొట్టాలకి ఇవతల,
కడిగి కడిగి పగిలిన వేళ్లతో
తాకొచ్చా అని నర్సుల్ని అడుగుతూ.

అప్పుడు ఎక్కాను.
డెబ్భై ఎనిమిది కిలోలూ, రెండు నెలల అద్దె బాకీతో సహా,
ఆ మోకాలి మీదే మోపి
మిగిలిన వదులంతా లాగేశాను.

బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపింది మార్లిస్.
సీటు కదల్లేదు. కారు ఊగింది.
"చలికోటు వేసి పట్టీలు పెట్టకు. ముందు పట్టీలు,
ఆ పైన దుప్పటి. భుజం దగ్గర పట్టీ నీ వేళ్లకి
చిటికెడు కూడా దొరక్కూడదు."

రేపు రెండు కిలోల మూడొందల గ్రాములు
ఇందులో ఇంటికొస్తాయి.
అద్దంలో నాకు మొహం కనపడదు, సీటు వీపే.
హైమ పక్కన కూర్చుని చెప్తానంది,
కళ్లు తెరిచిందనీ, మూసిందనీ,
దీపస్తంభాలు ఒక్కొక్కటే వెనక్కి పోవడం
చూస్తోందనీ.

వెళ్లేముందు ఓ కాగితం మీద సంతకం అడిగింది మార్లిస్.
చేతులింకా వణుకుతున్నాయి. నా పేరు మధ్యలో
మెలిక పడింది.
తీసి మళ్లీ రాయమని
ఎవరూ అనలేదు.